ఆకుపచ్చ తీగె



ఈ నెల మేము ఒక తీగెను గూర్చి వ్రాయదలచాము. నవ్వకండి. ఆ తీగెను మా చేతులతో మేమే తీసివేశాము. దానివలన ఒక పసిబిడ్డ ప్రాణము మీదికి వచ్చింది. అదే కాలములో మా మూలముగా ఒక యౌవనస్థుడు ఏడు వారములు మందిరపు గడప త్రొక్కలేదు. ఒక వృద్ధురాలు ఆరు నెలలు వాక్యము వినబడక ఆకలితోనే ఇంటికి వెళ్లింది. నేడు ఇంచుమించు ప్రతి పల్లె మందిరములోను ఒక మైకు, ఒక మిక్సరు ఉంటున్నవి గనుక, మాకు జరిగినది మీకు జరుగకూడదని దీనిని వ్రాస్తున్నాము.

మేము సేవ చేయుచున్న బహదూర్‌పల్లి హైదరాబాదుకు ఉత్తర దిక్కున ఉన్నది. 2016లో జిల్లాలు మారినప్పుడు రంగారెడ్డి జిల్లానుండి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వచ్చింది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలుండేవి. ఇప్పుడు ఎటు చూచినా అపార్టుమెంట్లు, కంపెనీలు. చప్పుడుకు మాకు కొదువలేదు. దుండిగల్‌లో 1971నుండి పైలట్లకు శిక్షణ ఇచ్చుచున్న వైమానిక దళ అకాడమీ ఉన్నది గనుక, పనిదినములలో పగటి ప్రార్థన పెట్టుకుంటే శిక్షణ విమానము తలమీదుగా పోవువరకు ఆగి ఆమేన్ చెప్పవలసివచ్చేది. జీడిమెట్లకు పోవు లారీల మోత వేరు. మా సంఘస్థులలో చాలామంది అక్కడి ఫ్యాక్టరీలలో పనిచేయువారు, కూలికి పోవువారు, పాలు, కూరగాయలు అమ్ముకొనువారు. మందిరము చిన్నది. పైన సిమెంటు రేకులు, క్రింద శాబాదు బండలు. చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాము. ఈ చెప్పుల సంగతి గుర్తుంచుకొనండి, తరువాత అవసరమవుతుంది.

మా తండ్రుల కాలములో మైకులు లేవు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మందికి బాప్తిస్మమిచ్చినప్పుడు మైకు లేదు. మన మెదక్ దేవాలయమును 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అంత పెద్ద మందిరమును కట్టినవారు మైకును నమ్ముకొని కట్టలేదు. మేము కూడ మొదట కంఠముతోనే వాక్యము చెప్పేవారము. జనము పెరిగారు, మా గొంతు తగ్గింది. కరోనా తరువాత ఇంటిదగ్గర ఉన్న రోగులకు ఫోనులో ఆరాధన వినిపించవలెనన్న కోరిక కూడ కలిగింది. 2022 నవంబరులో సంఘస్థులు కానుకలు కూడబెట్టి ఇవ్వగా, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఎనిమిది ఛానెళ్ల మిక్సరు ఒకటి కొన్నాము. యాంప్లిఫయరు, రెండు స్పీకరు బాక్సులు పాతవే. ఇంటర్ పూర్తిచేసిన ఒక తమ్ముడు మిక్సరు దగ్గర కూర్చుండుటకు సంతోషముతో ఒప్పుకున్నాడు. జీతము లేదు, భత్యము లేదు. ఆదివారము అందరికంటె ముందు వచ్చి వైర్లు పరచి, అందరు పోయిన తరువాత చుట్టిపెట్టి వెళ్లేవాడు.

మొదటి ఆదివారమే గుయ్‌మని ఒక మోత మొదలైంది. తుమ్మెద చెవిలో దూరినట్లుండేది. పాటలప్పుడు తెలిసేది కాదు గాని, ప్రార్థనకు తలలు వంచగానే అదొక్కటే వినబడేది. ఆ తమ్ముడు ఏవేవో మీటలు త్రిప్పి చూచాడు, పోలేదు. క్రిస్మసు దగ్గరపడింది. ఒక పెండ్లిలో ఎవరో అనగా విన్న మాట మాకు జ్ఞాపకము వచ్చింది: ప్లగ్గులో ఎర్తు తీసివేస్తే మోత పోతుందట. శనివారము రాత్రి మందిరములో మేమొక్కరమే ఉండి, స్క్రూడ్రైవరుతో యాంప్లిఫయరు ప్లగ్గు విప్పి, ఆకుపచ్చ తీగెను ఊడదీసి, మడిచి, లోపలే పెట్టి మూసివేశాము. మరల స్విచ్చి వేస్తే మోత లేదు. ఎంత సంతోషించామో! ప్రభువే ఉపాయము చెప్పాడని మరునాడు సాక్ష్యము కూడ చెప్పాము. ప్రభువు పేరిట మేము చెప్పిన ఆ మాటను తలంచుకుంటే ఈనాటికిని సిగ్గు కలుగుతుంది.

మరియొక సంగతి కూడ ఒప్పుకొనవలెను. ఆ మిక్సరులో ఎకో అను మీట ఒకటి ఉన్నది. దానిని పెంచితే మన గొంతు మనకే గొప్పగా వినబడుతుంది. పెద్ద పెద్ద మహాసభలలో ప్రసంగించు దైవజనుల స్వరమువలె మాటకు మాట మారుమ్రోగుతుంది. "తమ్మీ, ఇంకొంచెము పెంచు" అని మేమే ప్రతి వారము చెప్పేవారము. అతడు ఒకసారి మెల్లగా, "అయ్యగారూ, ఎనక కూసున్నోళ్లకు మాట సాఫ్‌గా వస్తలేదేమో" అన్నాడు. మేము వినలేదు.

2023 ఏప్రిల్ 9న ఈస్టరు వచ్చింది. పిల్లలు ఒక పాటకు అభినయము నేర్చుకున్నారు. పాట ఫోనులో ఉన్నది. ఫోనునుండి మిక్సరుకు కలుపు వైరును మేమే వంద రూపాయలు కలిసివస్తవని ఒక దుకాణములో కొని తెచ్చియిచ్చాము. మందిరము నిండియున్నది. పాట మొదలైంది. వాయిద్యములు వినబడుచున్నవి గాని పాడువాని గొంతు లేదు! ఎక్కడో బావిలోనుండి వచ్చునట్లు ఒక ఛాయ మాత్రమే. పిల్లలు ఎక్కడ చేతులెత్తవలెనో తెలియక ఒకరి ముఖము ఒకరు చూచుకొని నిలిచిపోయారు. ఒక చిన్నది ఏడ్చింది. మేము పుల్‌పిట్ దగ్గరనుండి, మైకులోనే, ఎకోతోనే, "సేవ చేయు మనసు లేనివారు మిక్సరు దగ్గర కూర్చుండకూడదు" అని గద్దించాము. ఆ తమ్ముని తల్లి ముందు వరుసలో ఉన్నది. అతడు ఆరాధన అయ్యేంతవరకు తల ఎత్తలేదు. వైర్లన్నీ ఎప్పటివలె చుట్టిపెట్టి వెళ్లాడు. మరుసటి ఆదివారము రాలేదు. ఆ తరువాతి వారమును రాలేదు. మేము కూడ వాళ్లింటికి పోలేదు. పాస్టరు పోయి బ్రతిమాలవలెనా అన్న గర్వము మాలో ఉన్నది.

మే నెలలో సెలవుల బైబిలు పాఠశాల జరిగింది. ముగింపు దినమున మధ్యాహ్నము అకాల వర్షము కురిసింది. పిల్లలు తడిసిన కాళ్లతో లోపలికి పరుగెత్తి వచ్చారు. బండలన్నీ తడి. మూడవ తరగతి చదువు ఒక పాప కంఠత వాక్యము చెప్పుటకు వచ్చి మైకును పట్టుకొని, వెంటనే విడిచి వెనుకకు దూకింది.

"అయ్యగారూ, మైకు కరుస్తుంది!" అన్నది.

పిల్లలందరు నవ్వారు. మేము కూడ నవ్వి, "ఏమీ కాదు, గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాము. పాప మా మాట విని మరల చెయ్యి చాపింది. అప్పుడు అమ్మగారు, అనగా మా భార్య, ఎందుకో లేచి పాప చెయ్యి పట్టి లాగి, తన చేతి వెనుకభాగముతో మైకును తాకి చూచి, "స్విచ్చి ఆపండి, ముందు స్విచ్చి ఆపండి" అని కేక వేసింది. మిగిలిన కార్యక్రమము మైకు లేకుండానే జరిగింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. 2005 అక్టోబరు 30న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రములోని వేకో పట్టణములో కైల్ లేక్ అను 33 ఏండ్ల బాప్టిస్టు పాస్టరుగారు, బాప్తిస్మపు తొట్టి నీళ్లలో నిలువబడి మైకును పట్టుకొనగా విద్యుత్ ఘాతము తగిలి మరణించారు. ఆ వార్త మేము ఎప్పుడో చదివినదే. చదివి, అయ్యో అని, మరచిపోయాము. "గట్టిగా పట్టుకో తల్లీ" అన్న మా మాట ఆ రాత్రి మా చెవులలో ఎన్నిసార్లు మ్రోగిందో లెక్కలేదు.

మరునాడు మేడ్చల్ వెళ్లి, పెండ్లిండ్లకు సౌండు పెట్టు ఒక అన్నను పిలుచుకొని వచ్చాము. ఆయన మన విశ్వాసి కాడు. ఇరువది ఏండ్లుగా ఆ పనే చేయుచున్న మనిషి. చేతిసంచిలో ఒక టెస్టరు, ఒక మల్టీమీటరు, సోల్డరింగు కడ్డీ. వచ్చినవాడు మిక్సరును ముట్టుకోలేదు. ముందుగా టెస్టరును మైకు జాలీకి ఆనించాడు. టెస్టరులో బల్బు ఎర్రగా వెలిగింది. మీటరు పెట్టి చూస్తే మైకు ఒంటికిని భూమికిని మధ్య 110 వోల్టులు చూపింది. యాంప్లిఫయరు ప్లగ్గు విప్పాడు. మడిచి పెట్టిన ఆకుపచ్చ తీగెను వ్రేలితో పైకి తీసి, "అయ్యగారు, గీ వైరు ఎవలు తీసిండ్రు?" అని అడిగాడు.

కొంతసేపు మేము పలుకలేదు. తరువాత, "మేమే" అన్నాము.

ఆయన మమ్మును ఏమీ అనలేదు. ప్లగ్గును మా చేతికిచ్చి చూడమన్నాడు. మూడు పిన్నులలో పైనున్నది లావుగాను, తక్కిన రెండింటికంటె పొడుగుగాను ఉంటుంది. ప్లగ్గు పెట్టునప్పుడు అన్నిటికంటె ముందు ఎర్తు తగలాలి, తీయునప్పుడు అన్నిటికంటె చివర విడవాలి. అందుకొరకే ఆ పొడుగు. యంత్రము లోపల కరెంటు తప్పుదారి పట్టి రేకు డబ్బాకు ప్రాకితే, ఆకుపచ్చ తీగె దానిని భూమిలోకి దింపుతుంది. ఆ తీగె లేకపోతే కరెంటు మరియొక దారి వెదకుకుంటుంది. మైకు వైరుమీది జాలీ అల్లిక మిక్సరు డబ్బాకు కలిసియుంటుంది, మిక్సరు డబ్బా మరొక వైరు ద్వారా యాంప్లిఫయరుకు కలిసియుంటుంది. మైకు పట్టుకొని, చెప్పులు లేకుండ, తడి బండమీద నిలువబడిన బిడ్డే ఆ దారి అయింది. "గా దినం లీకేజి చిన్నది గావట్టి కొరికి ఇడిసిపెట్టింది అయ్యగారు. లోపల ఇన్సులేషన్ మొత్తం పోయి ఉంటే ఇడువకపోవు" అన్నాడాయన. మరి మిక్సరు ప్లగ్గులో ఎర్తు ఉన్నది గదా అని అడిగాము. దాని సాకెట్టుకు వచ్చు ఎర్తు గుంత మందిరము వెనుక ఉన్నది. వేసినప్పటినుండి ఎవరును దానిలో చెంబెడు నీళ్లు పోయలేదు. ఎండలకు ఎండి అది పేరుకే ఎర్తుగా మిగిలింది. ఒక దానిని మేము తీసివేశాము, రెండవది మా అశ్రద్ధవలన చచ్చిపోయింది.

ఆ గుయ్ మోత మొదట ఎందుకు వచ్చినదో కూడ ఆయన చూపించాడు. మన ఇండ్లలోనికి వచ్చు కరెంటు 230 వోల్టులది, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గుయ్ అనునది ఆ ఊగిసలాట స్వరమే. మా యాంప్లిఫయరు ముందు గోడ సాకెట్టులో ఉన్నది, దాని ఎర్తు ఒకచోట. మిక్సరు వెనుక గోడ సాకెట్టులో, దాని ఎర్తు వేరొకచోట. రెండు ఎర్తులు సమానముగా లేనప్పుడు వాటిమధ్య ఉన్న ఆడియో వైరు జాలీగుండా కొంత కరెంటు పారుతుంది. మిక్సరు పాటతో పాటు దానిని కూడ వినిపిస్తుంది. ఎర్తు తీసివేస్తే ఆ చుట్టు తెగి మోత పోవు మాట నిజమే. కంట్లో నలుసు పడితే కన్ను తీసివేసినట్లు! చేయవలసినది వేరు. మిక్సరు, యాంప్లిఫయరు, కీబోర్డు అన్నిటికిని ఒకే బోర్డునుండి, మంచి ఎర్తు ఉన్న బోర్డునుండి కరెంటు ఇవ్వవలెను. ఆ పనే చేశాము. ఎర్తు గుంతను మరల త్రవ్వి, పైపు చుట్టు బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించి, వేసవిలో వారమునకొకసారి నీళ్లు పోయు పని యౌవనస్థులకు అప్పగించాము. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించాము. మామూలు ఎంసీబీ వైరును కాపాడుతుంది. ఇది మనిషిని కాపాడుతుంది. కరెంటు కొంచెము దారి తప్పితే చాలు, కన్ను మూసి తెరచులోపల ఆపివేస్తుంది. మందిరములో ఏది కొన్నా కొనకపోయినా దీనిని కొనండి.

తరువాత ఆయన మాకు చప్పుళ్లను గుర్తుపట్టుట నేర్పాడు. మాకు వినబడినదంతా ఒక్కటే గోల. ఆయనకు నాలుగు గోలలు. గుయ్ అంటే కరెంటు, ఎర్తు సంగతి. సుయ్ అంటే గెయిన్ సంగతి. చిటపట అంటే కనెక్షను సంగతి. కీచుమంటే మైకు, స్పీకరు ఒకదానినొకటి వినుచున్నవి. రోగము తెలియక మందు వేసినట్లు, మేము నాలుగింటికిని ఒకే మీట త్రిప్పేవారము.

వెదకు పద్ధతి కూడ చెప్పాడు. "ఒక్కసారి ఒక్కటే మార్చాలె అయ్యగారు. రెండు మారిస్తే ఏది దొంగనో దొరకదు." మొదట మిక్సరులోని మెయిన్ ఫేడరు పూర్తిగా దింపవలెను. అప్పటికిని మోత ఉంటే మిక్సరు తరువాత ఉన్న వైరులోనో, యాంప్లిఫయరులోనో తప్పున్నది. మోత పోతే మెయిన్ యథాస్థానములో పెట్టి, ఛానెళ్లన్నీ మూసి, ఒక్కొక్కటే తెరచి చూడవలెను. ఏ ఛానెలు తెరిస్తే గోల వచ్చునో అక్కడ ఆగి, మైకు అదే ఉంచి వైరు మార్చవలెను. పోకపోతే వైరు అదే ఉంచి మైకు మార్చవలెను. అప్పటికిని పోకపోతే మరియొక ఛానెలులో పెట్టి చూడవలెను. ఇంత చేస్తే పావుగంటలో దొంగ దొరుకుతాడు. మాకు చిటపట చేయు వైర్లు మూడు దొరికినవి. ఒకదానిలో సోల్డరు ఊడి, తీగె తగిలీ తగలక ఉన్నది. ఒకదానిని ఎలుక కొరికింది. మూడవదానిని మోచేతికి బిగించి చుట్టి చుట్టి లోపలి తీగెలు తెగినవి. వైరును దాని వంపు ప్రకారము వదులుగా, గుండ్రముగా చుట్టవలెనట. మైకు వైర్లను కరెంటు వైర్లతో కలిపి కట్టకూడదు. దాటవలసివస్తే అడ్డముగా దాటించవలెను. ఫ్యాను రెగ్యులేటరు, క్రిస్మసు సీరియలు లైట్లు, చవుకరకము ఇన్వర్టరు ఉన్న లైను నుండి మిక్సరుకు కరెంటు ఇవ్వకూడదు. అవి కూడ తమ పాట తాము పాడుతవి.

సుయ్ గోలకు మందు గెయిన్. మేము గెయిన్ తగ్గించి పెట్టి, వినబడుటలేదని యాంప్లిఫయరు పెంచేవారము. అప్పుడు స్వరముతో పాటు మిక్సరు ఊపిరి కూడ పెరుగుతుంది. మాట్లాడువాడు నిజముగా మాట్లాడునంత గట్టిగా మాట్లాడవలెను. ఎర్ర దీపము వెలుగనంతవరకు గెయిన్ పెంచి, ఫేడరును సున్న గీత దగ్గర ఉంచి, యాంప్లిఫయరును అవసరమైనంతే తెరవవలెను. మైకు నోటికి నాలుగు వ్రేళ్ల దూరములో ఉండవలెను. దూరము పెంచినకొద్ది గెయిన్ పెంచవలసివస్తుంది, అప్పుడే కీచుమంటుంది. స్పీకర్లు మైకుకు ముందు, జనమువైపు ఉండవలెను. వాడని మైకులను మూసియుంచవలెను. తెరచిన మైకులు రెండింతలైన కొద్ది కీచుమను ప్రమాదము పెరుగుతుంది. మిక్సరు ముందు వేసి, యాంప్లిఫయరు చివర వేయవలెను. ఆపునప్పుడు యాంప్లిఫయరు ముందు ఆపవలెను. లేకపోతే ధబ్బుమని స్పీకరుకు దెబ్బ తగులుతుంది.

ఇక ఈస్టరు సంగతి. మేము తెచ్చిన ఆ ఫోను వైరును ఆయన చేతిలో పెట్టాము. చూచి చిన్నగా నవ్వాడు. మంచి మైకు వైరులో, మనము కెనాన్ పిన్ను అను మూడు పిన్నుల వైరులో, ఒక పిన్ను జాలీకి, రెండు పిన్నులు స్వరమునకు. ఆ రెండు తీగెలలో ఒకే స్వరము ఒకటి నిలువుగా, ఒకటి తలక్రిందుగా పోతుంది. దారిలో గోల చొరబడితే రెండింటిలోను ఒకేరీతిగా చొరబడుతుంది. మిక్సరు ఒకదానిలోనుండి మరొకదానిని తీసివేస్తుంది. సమానమైన గోల సున్న అయిపోతుంది, తలక్రిందుగా ఉన్న స్వరము మాత్రము నిలుస్తుంది. అందుచేతనే పొడుగు వైరైనా శుభ్రముగా వినబడుతుంది. కాని ఫోనునుండి వచ్చునది స్టీరియో. ఎడమ ఒక తీగె, కుడి ఒక తీగె. మేము కొన్న వైరు ఆ రెండింటిని తెచ్చి ఒకే ఛానెలు రంధ్రములో పెట్టింది. గాయకుని గొంతు సాధారణముగా రెండువైపులా సమానముగా ఉంటుంది. మిక్సరు తనకు తెలిసిన పని తాను చేసింది. రెండువైపులా సమానముగా ఉన్నది గోలే అనుకొని, గాయకుని గొంతును కొట్టివేసింది. దానికి కావలసినది ఎడమ, కుడి వేరుచేసి రెండు ఛానెళ్లకు ఇచ్చు వైరు. ఆ తమ్ముని తప్పు గోరంతైనా లేదు. వైరు కొన్నది మేము. గద్దించినది మేము.

చివరకు ఆయన మిక్సరు ముందు కూర్చుండి ఎకో మీటను చూచి, "గిది ఎవలు గింత పెట్టిండ్రు?" అన్నాడు. ఆ ప్రశ్నకును జవాబు అదే. రేకుల కప్పు, బండల నేల, ఒట్టి గోడలు ఉన్న గది తానే ఒక ఎకో పెట్టె. దానిలో మరల ఎకో కలిపితే ముందు మాట తోక వెనుక మాట తలమీద పడుతుంది. ధ్వని పెంచిన కొద్ది గోల పెరుగుతుంది గాని మాట పెరుగదు. స్పీకర్లను కొంచెము క్రిందికి వంచి జనము చెవులవైపు చూపాము. వెనుక గోడకు పాత జంపఖానాలు వ్రేలాడదీశాము. ఎకోను సున్న చేశాము. మేము మైకులో నాలుగు మాటలు చెప్పి చూచుకున్నాము. మా గొంతు మాకు చప్పగా, చిన్నగా, ఇంటిలో మాట్లాడినట్లు వినబడింది. మనస్సు కొంచెము చిన్నబోయిన మాట నిజము.

ఆయన వెళ్లుచు డబ్బు తీసుకోలేదు. "పిల్లలు మంచిగున్నరు గద, చాలు" అన్నాడు. మేము మా సంఘములోనే జ్ఞానము ఉన్నదనుకొనువారము. ఆ దినము ఒక పరాయి మనిషి ఎర్తు మొదలుకొని ఎకో వరకు మాకు పాఠము చెప్పి, ఒక్క మాట తూలకుండ వెళ్లాడు. మేము అతనివలె ఆ తమ్మునితో మాట్లాడియుంటే ఎంత బాగుండును!

ఆ శనివారము సాయంకాలము వాళ్లింటికి వెళ్లాము. తల్లి కుర్చీ వేసి, నీళ్లిచ్చింది గాని మాట్లాడలేదు. తమ్ముడు లోపలి గదిలోనుండి వచ్చి గోడకు ఆనుకొని నిలువబడ్డాడు. వైరు సంగతి, తీగె సంగతి అన్నీ చెప్పి, "తప్పు మాది, క్షమించు తమ్మీ" అన్నాము. అతడు, "పోనీండ్రి అయ్యగారూ" అన్నాడు. తల్లి మాత్రము మా ముఖము చూచి, "అందరి ముంగట అన్నరు, ఇంట్లకొచ్చి తప్పయిందంటున్నరు" అన్నది. ఆమె మాట మైకుకంటె గట్టిగా కరిచింది. నిజమే గదా! గాయము పడినచోటే మందు వేయవలెను.

మరుసటి దినము, 2023 మే 28, పెంతెకొస్తు ఆదివారము. వాక్యము మొదలుపెట్టకముందు పుల్‌పిట్ దిగి క్రింద నిలువబడి, ఆకుపచ్చ తీగెను తీసినది ఎవరో, వైరు తెచ్చినది ఎవరో, ఎకో పెంచుమన్నది ఎవరో సంఘమంతటి యెదుట చెప్పాము. పాప తండ్రి వైపు తిరిగి ఆయనను కూడ క్షమాపణ అడిగాము. మా గొంతు వణికింది. ఎకో లేదు గనుక వణికినది వణికినట్లే అందరికి వినబడింది. తమ్ముడు లేచి, నడచి వెళ్లి, మిక్సరు ముందున్న తన స్టూలుమీద కూర్చున్నాడు.

ఆరాధన అయిన తరువాత వెనుక వరుసలో, చివరి ఫ్యాను క్రింద కూర్చుండు అవ్వ ఒకరు కర్ర పట్టుకొని మా దగ్గరకు వచ్చింది. డెబ్బది ఏండ్లు దాటిన మనిషి. వాన వచ్చినా ఎండ వచ్చినా తప్పక వచ్చునది. మా చెయ్యి పట్టుకొని, "ఇయ్యాల ఇనవడ్డది అయ్యగారూ" అన్నది.

"అంటే ఇన్నాళ్లు వినబడలేదా అవ్వా?" అని అడిగాము.

"క్రిస్మసు కాడికెల్లి ఇనవడ్తలేదు బిడ్డా. గుయ్ గుయ్ అంటది, మాట మీద మాట వడ్తది. మీ మొకం జూసుకుంట ఆమేన్ అంటున్న."

ఆరు నెలలు! ఎవరికిని చెప్పలేదు. చెప్తే అయ్యగారు బాధపడుతారని. మేము బాగుగా ప్రసంగించామని సంతోషించి ఇంటికి వెళ్లిన ఆదివారములన్నిటిలో ఈ తల్లి మా పెదవుల కదలిక మాత్రము చూచి వెళ్లింది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో స్వరము తెలియని బూరను గూర్చి పౌలు అడిగిన ప్రశ్నమీద మేము ఎన్ని ప్రసంగములు చేశామో! ఆ బూర మేమేనని మాకు తెలియలేదు.

అంతలో ఒకరు, ఇంత మంచిగా పలుకుచున్నప్పుడు బయట హారను కూడ పెట్టి ఊరందరికి వినిపిద్దామన్నారు. మేము వద్దన్నాము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. లౌడుస్పీకరుకు అనుమతి కావలెను. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు బహిరంగముగా వాడకూడదు. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది కూడ చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘము వ్యాజ్యములోనే. ఇతరుల నెమ్మది చెడగొట్టి ప్రార్థించుమని ఏ మతమును చెప్పదని ఆ తీర్పు సారాంశము. ప్రక్క ఇంటిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పండుకొనినవాడు ఉన్నాడు, పరీక్షకు చదువు బిడ్డ ఉన్నది. హోరేబు కొండమీద ఏలీయాకు దేవుడు గాలిలోను, భూకంపములోను, మెరుపులోను దొరకలేదు గదా! ముందుగా మన వెనుక వరుస అవ్వకు వినబడితే చాలు.

ప్రియ పాఠకులారా, వచ్చే శనివారము మీ మందిరమునకు వెళ్లి మూడు పనులు చేయండి. ఎలక్ట్రీషియను పిలిచి ప్రతి ప్లగ్గులోను ఆకుపచ్చ తీగె ఉన్నదా, అది భూమిని తాకుచున్నదా చూపించుకొనండి. మైకు ముట్టుకుంటే జిల్లుమన్నదని ఒక బిడ్డ చెప్తే నవ్వకుండ స్విచ్చి ఆపండి. బాప్తిస్మపు నీళ్లలో ఉన్నవారి చేతికి వైరున్న మైకు ఎన్నడును ఇవ్వకండి. తరువాత వెనుక వరుసలో కూర్చుండి, మీ మైకులో మరియొకరిని చదువుమని చెప్పి, మాట తెలియుచున్నదా వినండి. చివరిగా, వైర్లు చుట్టు ఆ పిల్లవానితో ఒక మంచి మాట మాట్లాడండి.

ఆ తమ్ముడు నేటికిని మా మిక్సరు దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు ఇంకొక ఇద్దరు పిల్లలకు నేర్పుచున్నాడు. వారిలో ఒకతె ఆ దినము మైకు కరిచిన పాపే. ఆరాధనకు ముందు ఆమె టెస్టరు పట్టుకొని ప్రతి మైకు జాలీని తాకించి, దీపము వెలుగలేదని చూచిన తరువాతనే మాకు మైకు ఇస్తుంది. అంతవరకు మేము చెయ్యి చాపము.